సెప్సిస్ రిపోర్టులో ఏ అంకెకు భయపడాలి?

ఐసీయూ బయట రెండు కుటుంబాలు కూర్చున్నాయి, ఇద్దరి చేతుల్లోనూ రక్తపరీక్ష రిపోర్టులున్నాయి అనుకుందాం. మొదటి రోగికి ప్రోకాల్సిటోనిన్ (ఇన్‌ఫెక్షన్‌లో పెరిగే ఒక ప్రొటీను) 38, లాక్టేట్ (రక్తంలోని లాక్టిక్ ఆమ్లం కొలత) 1.6. రెండో రోగికి ప్రోకాల్సిటోనిన్ 1.1, లాక్టేట్ 5.8. మొదటి కుటుంబానికి కాళ్లూ చేతులూ ఆడవు. "అర కూడా దాటకూడదట, మనవాళ్లకి ముప్ఫై ఎనిమిది వచ్చింది" అని ఊళ్లో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేస్తారు. రెండో కుటుంబం కాస్త కుదుటగా ఉంటుంది. ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నది మాత్రం రెండో రోగికే.

ఈ తికమక ఇంటివాళ్లకే పరిమితం కాదు. కొత్తగా డ్యూటీలో చేరిన డాక్టర్లు కూడా పెద్ద అంకెను చూసి పెద్ద జబ్బు అనుకుంటారు. సెప్సిస్‌లో చేసే ప్రతి రక్తపరీక్షా ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును ఇంకో ప్రశ్నకు అతికించినప్పుడే చిక్కంతా.

ముందు జబ్బు పేరు సంగతి. సెప్సిస్‌ను మన దగ్గర "రక్తంలో ఇన్‌ఫెక్షన్" అంటారు. ఆ వాడుక దగ్గరే దారి తప్పుతాం. 2016లో అంతర్జాతీయ నిపుణులు స్థిరపరచిన నిర్వచనం ప్రకారం, ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించడం వల్ల అవయవాలు దెబ్బతిని ప్రాణం మీదికి రావడమే సెప్సిస్. రక్తంలో క్రిమి దొరికి తీరాలన్న షరతు అందులో లేదు. ఇన్‌ఫెక్షన్ మూత్రనాళంలో ఉండొచ్చు, ఊపిరితిత్తిలో ఉండొచ్చు, షుగర్ రోగి కాలి పుండులో ఉండొచ్చు. దానివల్ల కిడ్నీ మందగించినా, ఊపిరి భారమైనా, మనిషి మగతగా పడి ఉన్నా అది సెప్సిసే. బ్లడ్ కల్చర్‌లో ఏమీ పెరగని సెప్సిస్ కేసులు కోకొల్లలు.

కాబట్టి రిపోర్టు చేతికి రాగానే వేసుకోవాల్సిన ప్రశ్నలు ఇవి. ఇన్‌ఫెక్షన్ ఉందా, ఉంటే బ్యాక్టీరియాదేనా? అవయవాలు ఎంత దెబ్బతిన్నాయి? వైద్యానికి లొంగుతోందా? యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపొచ్చు? మొదటిదానికీ చివరిదానికీ ప్రోకాల్సిటోనిన్, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే పెరిగే ప్రొటీను) సాయపడతాయి. తీవ్రత సంగతి చెప్పేవి వేరే ఉన్నాయి. వాటిలో చాలావరకు ఏ మండల కేంద్రంలోని ల్యాబ్‌లోనైనా చేసే చవక పరీక్షలే.

తీవ్రతను కొలిచే పాత పరీక్షలు

సెప్సిస్ తీవ్రతకు ప్రపంచమంతా వాడే కొలబద్ద సోఫా స్కోరు. ఊపిరితిత్తులు, రక్తం గడ్డకట్టే వ్యవస్థ, కాలేయం, రక్తప్రసరణ, మెదడు, కిడ్నీ అనే ఆరింటికీ సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తారు. ప్లేట్‌లెట్లు లక్షన్నర కంటే తగ్గితే ఒకటి, లక్ష కంటే తగ్గితే రెండు, యాభై వేల కంటే తగ్గితే మూడు, ఇరవై వేల కంటే తగ్గితే నాలుగు. క్రియాటినిన్ 1.2 నుంచి ఒకటి, 2.0 నుంచి రెండు, 3.5 నుంచి మూడు, 5 దాటితే నాలుగు. బిలిరుబిన్‌కు 1.2, 2, 6, 12 దగ్గర మెట్లు. ఊపిరికి ధమని రక్తంలోని ఆక్సిజన్ పీడనాన్ని, ఇస్తున్న ఆక్సిజన్ భాగంతో భాగించిన అంకె చూస్తారు. అది 400 కంటే తగ్గితే మార్కులు మొదలవుతాయి. సగటు బీపీ 70 కంటే తగ్గినా, స్పృహ కొలిచే గ్లాస్గో స్కోరు 15 నుంచి జారినా మార్కులు పడతాయి.

ఇన్‌ఫెక్షన్ వల్ల ఈ మొత్తం రెండు లేదా అంతకంటే ఎక్కువ పెరిగితే దాన్ని సెప్సిస్ అంటాం. ఆసుపత్రిలో చేరినవాళ్లలో ఆ స్థాయికి వచ్చినవారి మరణాల రేటు 10 శాతం దగ్గర ఉంటుంది. ఇక్కడ "పెరిగితే" అన్న మాటను చాలామంది వదిలేస్తారు. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే మనిషికి క్రియాటినిన్ 6 రోజూ ఉండేదే. దాన్ని కొత్త దెబ్బగా లెక్కేస్తే స్కోరు తప్పుతుంది. అందుకే పాత రిపోర్టుల ఫైలు ఆసుపత్రికి వెంట తీసుకురావడం చాలా అవసరం. ఆర్నెల్ల కిందటి క్రియాటినిన్ 0.9 అని తెలిస్తే, ఇవాళ్టి 1.8 ఎంత పెద్ద దెబ్బో అప్పుడు అర్థమవుతుంది.

క్రియాటినిన్‌కు ఇంకో లోపం ఉంది, అది ఆలస్యంగా కదులుతుంది. కిడ్నీ ఈ క్షణం పూర్తిగా ఆగిపోయినా క్రియాటినిన్ రోజుకు సుమారు 1 నుంచి 1.5 మాత్రమే పెరుగుతుంది. ఉదయం ఏడింటికి ఆగిన కిడ్నీ సంగతి మధ్యాహ్నం రిపోర్టులో కనిపించదు. పైగా సెప్సిస్‌లో కండరం క్రియాటినిన్‌ను తయారుచేయడమే తగ్గిస్తుంది, ఎక్కించిన సెలైన్ దాన్ని పలచన చేస్తుంది. కండ కరిగిపోయిన వృద్ధుల్లో 1.1 అన్నది కూడా నమ్మదగ్గ అంకె కాదు. అంతకంటే ముందే కబురు చెప్పేది యూరిన్ బ్యాగు. కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు, అంటే 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు. అంతకంటే తక్కువగా వరుసగా కొన్ని గంటలు వస్తుంటే క్రియాటినిన్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

ప్లేట్‌లెట్ల విషయంలో ఒక జాగ్రత్త. సీబీసీకి (రక్తకణాల లెక్కకు) వాడే ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ వల్ల కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి. మెషీన్ ఆ ముద్దల్ని లెక్కలోకి తీసుకోలేక "40 వేలు" అని అచ్చేస్తుంది. మనిషి బాగానే ఉండి కౌంట్ మాత్రం పడిపోతే స్లైడు మీద స్మియర్ చూడమని అడగాలి, లేదా సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీయాలి. ఇది చేయకుండా ప్లేట్‌లెట్లు ఎక్కించడం రోగికి అనవసరపు రిస్కు.

లాక్టేట్

సెప్సిస్ తీవ్రతకు ఒకే ఒక్క రక్తపరీక్ష ఎంచుకోమంటే మా ఎంపిక లాక్టేట్. దీని కథ పాతది. 1843లో జర్మనీలోని వూర్ట్స్‌బర్గ్‌లో యోహాన్ యోసెఫ్ షెరెర్ అనే వైద్యుడు, బాలింత జ్వరంతో చనిపోయిన స్త్రీల రక్తంలో లాక్టిక్ ఆమ్లాన్ని గుర్తించాడు. బాలింత జ్వరం అంటే ఇవాళ్టి భాషలో ప్రసవానంతర సెప్సిసే.

మామూలుగా రక్తంలో లాక్టేట్ లీటరుకు 2 మిల్లీమోల్‌ల లోపు ఉంటుంది. 2 దాటితే జాగ్రత్త, 4 దాటితే బీపీ మామూలుగా ఉన్నా ప్రమాదం. ఈ చివరి మాటను గట్టిగా చెప్పాలి. 110 బీపీతో మాట్లాడుతున్న రోగికి లాక్టేట్ 4.5 ఉంటే వార్డుకు పంపకూడదు, లోపల రక్తప్రసరణ అప్పటికే తడబడుతోంది. సెప్టిక్ షాక్ నిర్వచనంలో కూడా లాక్టేట్ ఉంది. తగినంత సెలైన్ ఎక్కించాక కూడా సగటు బీపీ 65 దగ్గర నిలబడటానికి నార్‌అడ్రినలిన్ లాంటి మందు కావలసి రావడం, లాక్టేట్ 2 దాటి ఉండటం, ఈ రెండూ కలిస్తేనే షాక్ అంటాం. అప్పుడు మరణాల రేటు 40 శాతం దాటుతుంది.

రిపోర్టులో యూనిట్ చూడండి. కొన్ని ల్యాబులు మిల్లీమోల్‌లలో, కొన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. ఒక మిల్లీమోల్ సుమారు 9 మిల్లీగ్రాములు. బయటి ల్యాబ్ ఇచ్చిన 16 అనే అంకె చూసి గుండె ఆగినంత పనవుతుంది, 9తో భాగిస్తే అది 1.8. ఊరి ల్యాబ్‌లో 16, పెద్దాసుపత్రిలో 3 అని చూసి "తగ్గింది" అనుకున్నా ముప్పే, నిజానికి 1.8 నుంచి 3కి పెరిగింది.

అసలు లాక్టేట్ ఎందుకు పెరుగుతుంది? కణాలకు ఆక్సిజన్ అందక పెరుగుతుందన్నది పుస్తకాల్లో ఉన్న జవాబు. అది సగమే. సెప్సిస్‌లో ఒంట్లో అడ్రినలిన్ వరదలా పారుతుంది. అది కండరాల్లో గ్లూకోజ్‌ను వేగంగా విడగొట్టిస్తుంది, ఆక్సిజన్ సరిపడా ఉన్నా లాక్టేట్ పోగుపడుతుంది. మరోవైపు, లాక్టేట్‌ను ప్రధానంగా శుభ్రం చేయాల్సిన కాలేయం మందగిస్తుంది. ఈ మూడు కారణాలు ఒక్కో రోగిలో ఒక్కో పాళ్లలో ఉంటాయి. లాక్టేట్ పెరిగినప్పుడల్లా ఇంకో లీటరు సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడానికి కారణం ఇదే. రోగికి ప్రసరణ సర్దుకున్నాక కూడా అడ్రినలిన్ వల్లా, కాలేయం వల్లా అంకె కొన్ని గంటలు పైనే ఉండొచ్చు.

2019లో వెలువడిన ఆండ్రోమెడా-షాక్ ట్రయల్ ఈ చిక్కును నేరుగా పరీక్షించింది. 424 మంది సెప్టిక్ షాక్ రోగుల్లో సగం మందికి లాక్టేట్‌ను చూస్తూ, సగం మందికి వేలి రంగు తిరిగొచ్చే వేగాన్ని చూస్తూ వైద్యం చేశారు. 28 రోజుల్లో మరణాలు లాక్టేట్ గుంపులో 43.4 శాతం, వేలి పరీక్ష గుంపులో 34.9 శాతం. గణాంకాల గీటురాయికి ఆ తేడా వెంట్రుక వాసిలో నిలవలేదు. అయినా పైసా ఖర్చులేని పరీక్ష లాక్టేట్‌కు తీసిపోలేదని తేలింది. పద్ధతి ఇది: కుడి చూపుడువేలి కొసను అరచేతి వైపు నుంచి గాజు స్లైడుతో చర్మం తెల్లబడేదాకా నొక్కాలి, పది సెకన్లు అలాగే పట్టి వదలాలి, మామూలు రంగు రావడానికి ఎన్ని సెకన్లో వాచీలో చూడాలి. మూడు దాటితే ప్రసరణ సరిగా లేనట్టు. ఆ ట్రయల్‌లో దీన్ని అరగంటకోసారి చూశారు. గది చల్లగా ఉన్నా, వేళ్లు చల్లబడి ఉన్నా ఫలితం తప్పుతుంది కాబట్టి ఏసీ కింద పడుకున్న రోగికి చెయ్యి ముందు దుప్పటిలో పెట్టి చూడటం మేలు.

లాక్టేట్ మోసం చేసే సందర్భాలు తెలిసి ఉండాలి. ఫిట్స్ వచ్చిన గంటలోపు తీస్తే పది దాకా ఉండొచ్చు, దానంతటదే దిగిపోతుంది. ఆస్తమాకు సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ పదేపదే పెట్టినా, అడ్రినలిన్ డ్రిప్ నడుస్తున్నా పెరుగుతుంది. కిడ్నీ దెబ్బతిన్న షుగర్ రోగి మెట్‌ఫార్మిన్ వేసుకుంటూ ఉంటే పెరుగుతుంది, అందుకే సెప్సిస్ అనుమానం రాగానే ఆ మాత్ర ఆపుతారు. ఏళ్ల తరబడి తాగేవాళ్లలో, సరిగా తిననివాళ్లలో థయమిన్ లోటు వల్ల పెరుగుతుంది; ఆ విటమిన్ ఇస్తే తప్ప సెలైన్‌తో దిగదు. మరోవైపు, లాక్టేట్ మామూలుగా ఉన్నంత మాత్రాన సెప్సిస్ లేదనుకోకూడదు. మామూలు లాక్టేట్ ధైర్యం ఇచ్చేంత బలమైన సాక్ష్యం కాదు.

ఇక శాంపిల్. రక్తం ట్యూబులోకి వచ్చాక కూడా ఎర్రకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటూ లాక్టేట్ వదులుతూనే ఉంటాయి. మామూలు ట్యూబులో తీసి, వార్డ్ బాయ్ వచ్చేదాకా కౌంటర్ మీద పెడితే రోగి లాక్టేట్ బదులు ట్యూబు లాక్టేట్ కొలిచినట్టే. మంచి పద్ధతి, ఏబీజీ (ధమని రక్తంలో వాయువులు కొలిచే పరీక్ష) సిరంజిలో తీసి గాలి బుడగలు వదిలి వెంటనే మెషీన్‌లో పెట్టడం. పదిహేను నిమిషాల్లో కుదరకపోతే ఐసు నీళ్లలో పంపాలి. ల్యాబ్‌కు పంపేదైతే షుగర్ పరీక్షకు వాడే బూడిదరంగు మూత ట్యూబే దీనికీ. అందులోని ఫ్లోరైడ్ గ్లూకోజ్ విచ్ఛిన్నంలో చివరి మెట్ల దగ్గరుండే ఒక ఎంజైమును అడ్డుకుంటుంది, అందువల్ల లాక్టేట్ తయారీ వెంటనే ఆగుతుంది. గ్లూకోజ్ మాత్రం పై మెట్ల మీద మరో గంటో రెండు గంటలో తరుగుతూనే ఉంటుంది. గీత దాకా రక్తం నింపాలి, ట్యూబును ఎనిమిది పదిసార్లు మెల్లగా తిరగేయాలి. రోగిని పిడికిలి బిగించి తెరవమనకూడదు, చేతికి కట్టిన పట్టీని నిమిషాల తరబడి ఉంచకూడదు.

మొదటి అంకె 2 దాటితే రెండు నుంచి నాలుగు గంటల్లోపు మళ్లీ తీయాలి. అసలు విలువంతా ఆ రెండో అంకెలోనే ఉంది. 6 నుంచి 3.5కు దిగుతున్న రోగి, 3 నుంచి 3.8కు ఎక్కుతున్న రోగి కంటే మెరుగు.

ప్రోకాల్సిటోనిన్ పని ఎక్కడ, ఎక్కడ కాదు

ప్రోకాల్సిటోనిన్ 116 అమైనో ఆమ్లాల ప్రొటీను. ఆరోగ్యవంతుల్లో థైరాయిడ్‌లోని కొన్ని కణాలు దీన్ని తయారుచేసి, కాల్సిటోనిన్ హార్మోనుగా మార్చేసుకుంటాయి. అందుకే రక్తంలో దాదాపు కనిపించదు, మిల్లీలీటరుకు 0.1 నానోగ్రాముల లోపే. బ్యాక్టీరియా దాడి చేసినప్పుడు కాలేయం, కొవ్వు, కండరం, ఇలా ఒంట్లోని అనేక కణజాలాలు దీన్ని రక్తంలోకి వదులుతాయి. 1993లో ఫ్రాన్స్ పరిశోధకులు పిల్లల ఇన్‌ఫెక్షన్లలో దీన్ని గమనించాక ప్రపంచమంతా ఈ పరీక్ష వెంట పడింది. వైరస్‌కు వ్యతిరేకంగా శరీరం విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ దీని తయారీని అణచివేస్తుంది. కాబట్టి బ్యాక్టీరియానా వైరసా అని వేరుచేయడానికి కొంత పనికొస్తుంది.

ఇన్‌ఫెక్షన్ మొదలైన మూడు నాలుగు గంటలకు పెరగడం మొదలై, ఒక రోజులోపు శిఖరానికి చేరుతుంది. మందు పనిచేస్తే రోజుకు సుమారు సగం చొప్పున తగ్గుతుంది. 0.5 లోపు ఉంటే సెప్సిస్ అవకాశం తక్కువ, 2 దాటితే ఎక్కువ అని సాధారణ లెక్క. కానీ చలిజ్వరం మొదలైన రెండో గంటలో తీసిన 0.3కు విలువ లేదు, ఆరేడు గంటలాగి తీస్తే అదే రోగిలో 12 రావచ్చు.

పెద్ద అంకెలు పెద్ద ప్రమాదాన్ని సూచిస్తాయా? గుంపులుగా చూస్తే కొంతవరకు అవును. ఒక్క రోగి పడక దగ్గర నిలబడి చూస్తే ఆ లెక్క తరచూ తప్పుతుంది. ఈ-కోలై లాంటి గ్రామ్ నెగటివ్ క్రిములు కిడ్నీ నుంచి రక్తంలోకి దూరితే ప్రోకాల్సిటోనిన్ 50, 80 దాకా వెళ్లి, మనిషి మూడు రోజుల్లో లేచి కూర్చోవడం మామూలే. న్యుమోనియాతో వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి 1.5 ఉండొచ్చు. పెద్ద ఆపరేషన్, కాలిన గాయాలు, పెద్ద యాక్సిడెంట్, గుండె పంపింగ్ పడిపోయిన షాక్, ఫాల్సిపారమ్ మలేరియా, కిడ్నీ వైఫల్యం, థైరాయిడ్ మెడుల్లరీ క్యాన్సర్, వీటిలో బ్యాక్టీరియా లేకపోయినా పెరుగుతుంది. పుట్టిన బిడ్డల్లో మొదటి రెండు రోజులు సహజంగానే ఎక్కువ. గోడ కట్టుకున్న చీముగడ్డ, క్షయ, ఫంగస్ ఇన్‌ఫెక్షన్లలో తక్కువగా ఉండి మోసం చేస్తుంది.

"ప్రోకాల్సిటోనిన్ పెరిగింది, ఇంకా పెద్ద యాంటీబయాటిక్ వేద్దాం" అన్న ఆలోచనను డెన్మార్క్‌లో 1,200 మంది ఐసీయూ రోగుల మీద పరీక్షించారు. 2011లో ఫలితం వచ్చింది. ప్రాణాలేమీ అదనంగా దక్కలేదు, పైగా ఐసీయూలో ఉండే రోజులు పెరిగాయి, అవయవాలకు హాని కూడా పెరిగింది. ఆపడానికి వాడినప్పుడు ఫలితం వేరు. 2016లో నెదర్లాండ్స్ ట్రయల్‌లో, ప్రోకాల్సిటోనిన్ శిఖరం నుంచి 80 శాతం తగ్గితే లేదా 0.5కు దిగితే మందు ఆపొచ్చని డాక్టర్లకు సూచించారు. మందు వాడిన రోజుల మధ్యస్థం 7 నుంచి 5కు తగ్గింది, మరణాలు పెరగలేదు. 2024 చివర్లో బ్రిటన్‌లో 2,760 మందితో చేసిన ట్రయల్‌లోనూ మందుల రోజులు కొంత తగ్గాయి, మరణాల విషయంలో హాని కనిపించలేదు. అదే ట్రయల్‌లో సీఆర్‌పీ చూసి ఆపబోతే రోజులేమీ తగ్గలేదు. సెప్సిస్ వైద్యంపై అంతర్జాతీయ నిపుణుల బృందమైన సర్వైవింగ్ సెప్సిస్ క్యాంపెయిన్ 2021 మార్గదర్శకాలూ ఇదే గీత గీశాయి: యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా వద్దా అనేది ప్రోకాల్సిటోనిన్‌ను చూసి నిర్ణయించవద్దు, ఆపే నిర్ణయంలో మాత్రం రోగి స్థితితో కలిపి వాడుకోవచ్చు.

షాక్ అనుమానం ఉన్న రోగికి గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. రిపోర్టు వచ్చేదాకా ఆగడం నేరుగా రోగికి చేసే నష్టం. సూది పడేముందు బ్లడ్ కల్చర్ రెండు సెట్లు, పెద్దవాళ్లకు ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్లు తీయాలి. రెండు మిల్లీలీటర్లు పోసి పంపితే క్రిమి ఉన్నా పెరగదు.

సీఆర్‌పీ గురించి క్లుప్తంగా. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో గుర్తించిన ఈ ప్రొటీను కాలేయంలో తయారవుతుంది, రెండో రోజుకు గాని శిఖరానికి చేరదు. వాపు ఎక్కడున్నా పెరుగుతుంది, కాలేయం పాడైనవాళ్లలో పెరగాల్సినంత పెరగదు. కీళ్లవాతానికి టోసిలిజుమాబ్ తీసుకున్నవారిలో చచ్చుబడిపోతుంది. చవక కాబట్టి మూడు నాలుగు రోజులకోసారి దారి చూసుకోవడానికి పర్వాలేదు. ఇందులోనూ యూనిట్ల గొడవ ఉంది: డెసిలీటరుకు 12 మిల్లీగ్రాములంటే లీటరుకు 120.

ఒక రోగి, ఆరు రోజులు

ఇదంతా ఒకచోట ఎలా కలుస్తుందో ఒక ఊహా ఉదాహరణలో చూద్దాం. 62 ఏళ్ల మహిళ, 55 కిలోలు, షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంది. రెండు రోజులుగా చలిజ్వరం, కుడి నడుము నొప్పి. ఉదయం 8 గంటలకు ఎమర్జెన్సీకి వచ్చేసరికి బీపీ 88/50, అంటే సగటు 63. ఊపిరి నిమిషానికి 28, పిలిస్తే పలుకుతోంది కానీ మగత, గ్లాస్గో 14. లాక్టేట్ 4.6, క్రియాటినిన్ 2.1 (పాతది 0.9), ప్లేట్‌లెట్లు 1.1 లక్షలు, బిలిరుబిన్ 1.0, మామూలు గాలిలో ఆక్సిజన్ పీడనం 76, ప్రోకాల్సిటోనిన్ 24. సోఫా లెక్క: బీపీకి 1, స్పృహకు 1, ప్లేట్‌లెట్లకు 1, క్రియాటినిన్‌కు 2, ఊపిరికి 1 (76ను 0.21తో భాగిస్తే 362). మొత్తం 6.

కల్చర్లు తీసి, 8.40కి యాంటీబయాటిక్ వేసి, కిలోకు 30 మిల్లీలీటర్ల చొప్పున 1,650 మిల్లీలీటర్ల సెలైన్ మూడు గంటల్లో ఎక్కించారు. 10.30కి బీపీ 104/60, లాక్టేట్ 3.4. నాలుగో వంతుకు పైగా దిగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ చూస్తే 3.9.

ఇలా వెనక్కి తిరిగిన లాక్టేట్‌కు సెలైన్ జవాబు కాదు, వెతుకులాట జవాబు. అల్ట్రాసౌండ్ చేస్తే మూత్రనాళంలో రాయి ఇరుక్కుని, దానిపైన కిడ్నీ ఉబ్బి ఉంది. మూసుకుపోయిన గొట్టంలో చీము ఉన్నంతకాలం ఏ యాంటీబయాటిక్ వేసినా లాభం ఉండదు. రెండున్నరకు డీజే స్టెంట్ (మూత్రనాళాన్ని తెరిచి ఉంచే సన్నని గొట్టం) వేశారు, చీము దిగింది. రాత్రి 8కి లాక్టేట్ 2.2.

మర్నాడు ఉదయం రిపోర్టులు చూస్తే ఇంటివాళ్లకు గాభరా. ప్రోకాల్సిటోనిన్ 41, క్రియాటినిన్ 2.6, ప్లేట్‌లెట్లు 82 వేలు. అన్నీ ముందురోజు కంటే అధ్వానం! కానీ లాక్టేట్ 1.4, మూత్రం గంటకు 50 మిల్లీలీటర్లు, ఆమె కాఫీ అడుగుతోంది. ఇక్కడ నమ్మాల్సింది లాక్టేట్‌నూ, యూరిన్ బ్యాగునూ, ఆ కాఫీనీ. మిగతా మూడూ నిన్నటి దెబ్బను ఇవాళ చెబుతున్నాయి. మూడో రోజు ప్రోకాల్సిటోనిన్ 19, నాలుగో రోజు 9, క్రియాటినిన్ 1.6. ఆరో రోజున ప్రోకాల్సిటోనిన్ 2.8. శిఖరం 41లో 80 శాతం తగ్గడమంటే 8.2కు దిగడం, ఆ గీత అయిదో రోజే దాటింది. రాయి అడ్డు తొలగింది, జ్వరం లేదు, కల్చర్‌లో పెరిగిన ఈ-కోలైకి వాడుతున్న మందు సరిపోయింది. ఇక ఏడు రోజులతో మందు ఆపడానికి డాక్టరు సందేహించక్కర్లేదు.

మన జ్వరాల సీజన్‌లో

ఆగస్టు నుంచి నవంబరు దాకా తెలుగు రాష్ట్రాల ఐసీయూల్లో ఈ పరీక్షలన్నీ ఇంకొంత కలగాపులగమవుతాయి. డెంగీ షాక్‌లో లాక్టేట్ పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, సోఫా స్కోరు చూస్తే అచ్చం సెప్సిస్. అక్కడ ప్లాస్మా రక్తనాళాల్లోంచి కారిపోవడం అసలు సమస్య, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) పెరుగుతుండటం దాని జాడ. ద్రవాలు కొలిచి, గంట గంటకు సర్దుతూ ఇవ్వాలి.

నల్లిలాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ ఇంకా కపటమైనది. ప్రోకాల్సిటోనిన్ పెరిగి ఉంటుంది, ప్లేట్‌లెట్లు తక్కువ, కాలేయం ఎంజైములు ఎక్కువ. పెరిగిన అంకె చూసి సెఫ్ట్రయాక్సోన్, అది చాలక మెరోపెనెమ్ వేస్తారు. ఈ రెండూ ఆ క్రిమి మీద పనిచేయవు. డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్ కావాలి. తీవ్రమైన కేసుల్లో రెండూ కలిపి నరంలోకి ఇస్తే మేలని 2023లో భారతదేశంలోనే జరిగిన ట్రయల్ చూపింది. ఏ బయోమార్కరూ ఈ తేడా చెప్పదు. చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుముపట్టీ దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టుండే నల్లటి పెచ్చు కోసం వెతికితే దొరుకుతుంది. మన్యం నుంచి వచ్చిన జ్వరానికి, ప్రోకాల్సిటోనిన్ ఎంత ఉన్నా, మలేరియా పరీక్ష తప్పనిసరి.

కొత్త పరీక్షల గురించి అడిగేవాళ్లున్నారు. ఇంటర్‌ల్యూకిన్-6 అన్నిటికంటే ముందు, గంటా రెండు గంటల్లో పెరుగుతుంది, అంతే వేగంగా దిగిపోతుంది. నవజాత శిశువుల్లో కొంత ఉపయోగం. ప్రెసెప్సిన్ జపాన్‌లో పుట్టిన పరీక్ష. రక్తనాళాల లోపలి పొర ఎంత చెదిరిందో చెప్పే మిడ్‌రీజనల్ ప్రోఅడ్రినోమెడుల్లిన్ తీవ్రతను అంచనా వేయడంలో ప్రోకాల్సిటోనిన్ కంటే ఆశాజనకంగా ఉంది, మన దగ్గర అందుబాటు తక్కువ. తెల్లకణాల్లో ఒక రకమైన మోనోసైట్ల పరిమాణంలో తేడాను కొలిచే ఎండీడబ్ల్యూ కొన్ని సీబీసీ మెషీన్లలోనే వస్తుంది, వేరే రక్తం తీయక్కర్లేదు; 20 దాటితే అనుమానించాలి. వీటిలో ఏదీ లాక్టేట్, క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు, యూరిన్ బ్యాగు ఉన్న చోట వైద్యాన్ని మార్చేంత అదనపు సమాచారం ఇస్తుందని ఇంకా రుజువు కాలేదు. ఖర్చు పెట్టగలిగినంత మాత్రాన రోజూ ప్రోకాల్సిటోనిన్ తీయడం కూడా దండగే. మొదటి రోజు, మర్నాడు, ఆ తర్వాత మందు ఆపే ఆలోచన వచ్చినప్పుడు చాలు.

ఏబీజీ మెషీన్ లేని చిన్న ఆసుపత్రిలో ఉన్నవాళ్లు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. 22 గానీ అంతకు మించి గానీ ఉంటే, పై బీపీ 100కు దిగితే, మాట తికమకైతే, ఈ మూడింటిలో రెండున్నా ల్యాబ్ కోసం ఆగకుండా కల్చర్ తీసి మందు మొదలుపెట్టి పంపాలి. పంపే కాగితం మీద రక్తం ఎన్ని గంటలకు తీశారు, యాంటీబయాటిక్ పేరు, అది ఎన్ని గంటలకు వేశారు, ఎన్ని మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కింది, ఎంత మూత్రం వచ్చింది, పాత క్రియాటినిన్ ఎంత అని ఆరు వరుసల్లో రాయండి. లాక్టేట్ చూసి ఉంటే పక్కనే యూనిట్ కూడా.